మూఁడు ఖాతాల యుత్తరములు

ఆషాఢమేఘమాలికాసంవృతంబై తరంగసంఘాతఘోషభీకరంబై జాలరులు తెప్పల దరిఁ జేర్చి వలలు చుట్టి కూర్చుండఁగా నొక్క నావయైనఁ గానరాని తూర్పుసముద్రంబు విశాఖపట్టణపు టొడ్డున నుఱుముచున్న సాయంసమయంబునఁ గళాశాలయందు వృక్షశాస్త్రంబు బోధించు సువర్చల తన యింటి కిటికీచెంతఁ గంప్యూటరు ముందిడుకొని కూర్చుండి యుండెను.

ఆమె పతి శ్రీకరుఁడు సరకులయోడపై నింజనీరు. ఏఁటఁ బెక్కుమాసములు నీటిపైఁ గడపు నాతఁడు రేవు చేరినప్పుడెల్ల నామె కళాశాలఖాతాకో యింటిఖాతాకో చదువుకొనునాఁటి పాతఖాతాకో జ్ఞప్తికి వచ్చినదాని కీమెయిలు వ్రాయుచుండెను. సువర్చల పొందికగల యిల్లాలు. ఇంటికప్పు మాటయున్నదానిని మరమ్మతుల ఫోల్డరునను అత్తగారి మందుల మాటయున్నదానిని వైద్యపు ఫోల్డరునను వైచి యా పని చక్కఁబెట్టి యంతకే బదులు వ్రాసి తక్కినది మఱచుచుండెను.

చుట్టపుచూపుగ వచ్చిన యాడుబిడ్డ నీలవేణి మూఁడు ఖాతాల నొక్కచోటికిఁ దెచ్చి యిట్లనియె.

"వదినా! ఫోల్డరనఁగా నొర వంటిది. ఒక కత్తి రెండొరల నిముడునా? లేబులట్లు గాదు. పేరువలె నొక్క యుత్తరమున కెన్నియైనఁ దగిలింపవచ్చును. నేను నిన్ను వదినా యందును. మా యన్న సువర్చలా యనును. నీ శిష్యులు మేడమందురు. అంతమాత్రాన నీవు ముగ్గురవైతివా?"

"ఐనచో మీ యన్న యుత్తరములకేమి పేరు పెట్టుదును?"

"అది నన్నడుగుదువా? చాలు చాలు!" అని నవ్వుచు నీలవేణి కాఫీ కలుప లోపలికిఁ బోయెను.

సువర్చల మరమ్మతునకొక లేబులును వైద్యమునకొక లేబులును దగిలించి పిదప సిగ్గుపడుచు నన్నిఁటికిని 'ఆయన' యను లేబులు చేర్చెను. చేర్చి దానిని దాఁకినంతనే మూఁడు ఖాతాల యుత్తరములు నొక్క వరుస నిలిచెను. ఫాల్గునమున నాతఁడు కప్పు మాట ముగించి "ఈ యోడపై భార్యలను వెంటఁ గొనిరావచ్చును. నీకు సెలవు దొరకునా?" యని వ్రాసియుండెను. చైత్రమున మందుల పేళ్ల క్రింద "నీకై యొక గది యడిగి యుంచితిని" అని యుండెను. వైశాఖమున "నడిసముద్రమున వెన్నెల నీవు చూడవలదా?" యని యుండెను. జ్యేష్ఠమునఁ గప్పు మాట యొక్కటియే యుండెను.

ఆ కడపటి యుత్తరమునొద్ద నామె కన్నులు చెమర్చెను. వెంటనే "వత్తును. ఎప్పుడు రమ్మందురు?" అని వ్రాసెను.

మఱునాఁ డుదయమున రేవునుండి బదులు వచ్చెను. "ఆ గది వేఱొకరి కిచ్చిరి. వానకాలపుఁ గడలి నీకు మంచిదియుఁ గాదు. కార్తికమున మరల నడిగెదను. నా మాట నీకు వినఁబడలేదనియే యనుకొంటిని గాని రాననుకొంటివని తలఁపలేదు సుమీ."

వలపు తన పేరు తాను చెప్పుకొని రాదు. ఉప్పుపప్పుల మాటల నడుమ నొదిగి వచ్చి పలుకరింపనిచో వచ్చినట్లే మఱలిపోవును.

నాఁడు సువర్చల కళాశాలకుఁ బోయి సెలవు కోరఁగాఁ బ్రధానాచార్యుఁడు విస్మయపడి "కార్తికమున కిప్పటినుండియేనా? ఇంకను జాల దూరమున్నది కదమ్మా!" యనెను.

"ఔనండీ. చాల దూరమే" యని యామె కిటికీవంకఁ జూచెను. వెలుపల వాన సముద్రమునకు నాకసమునకు నడిమి గీఁతను జెఱిపివైచుచుండెను.