ఆయమ్మ తీసిన గుప్పెడు

బియ్యం చాటలో పోసి రాళ్లు ఏరుతోంది రాహేలు. లైబ్రరీ ఊడ్చి, పదకొండింటికి బిడ్డకు పాలియ్యడానికి వచ్చిన పద్మశ్రీ లోపలికి పోకుండా కిటికీ అవతలే ఆగిపోయింది.

ఇవాళ కూడా తీస్తుందా?

తీసింది. కడగబోయే ముందు ఒక గుప్పెడు తీసి, అలమరలో వెనక్కి పెట్టిన బిస్కెట్ల డబ్బాలో వేసింది. నాలుగు వేళ్లతో మెల్లగా అదిమింది. కళ్లు మూసుకుని ఏదో గొణిగింది. ఆ గొణుగుడులో ‘సహస్ర’ అన్న పేరు స్పష్టంగా వినబడింది.

నా బిడ్డ పేరు ఈమెకెందుకు? మొన్న ఇట్లనే, నిన్న ఇట్లనే.

యూనివర్సిటీ క్యాంపస్ క్వార్టర్ల వెనక, పనికి పోయే తల్లులు బిడ్డల్ని వదిలిపోయే ఆ పిల్లల సెంటర్లో రాహేలు ఇరవై రెండేళ్లుగా ఆయా. రేపల్లె దిక్కు మనిషి. భర్త డేవిడ్, హాస్టల్లో గుమాస్తాగా చేస్తూ చనిపోయాడు. పిల్లల్లేరు, సీతాఫల్‌మండిలో ఒక్క గది. కుడి మోకాలు వంగదు, కాలు చాపుకునే కూర్చుంటుంది. జాకెట్టుకు ఎప్పుడూ రెండు పిన్నీసులుంటాయి, ఏ పిల్లాడి లాగు జారినా పెట్టడానికి.

ఇవేవీ పద్మశ్రీకి ధైర్యమియ్యలేదు. పదో తరగతి సగంలో ఆగిపోయి, పెళ్లయి, ఇరవై ఏళ్లకే తల్లయింది. పోయిన నెల అంగన్‌వాడీలో తూస్తే సహస్ర బరువు తక్కువై కార్డు మీద పసుపు రంగులో పడింది. “ఈసారి గూడ పెరగకపోతే కొలువు బంద్ చేసి ఇంట్ల కూసో,” అంది అత్త. ఇవాళ రెండింటికి మళ్లీ తూకం.

“ఏంది ఆయమ్మా, దాస్తున్నవ్?” లోపలికొచ్చి అడిగింది.

“దాచేదేముందే అమ్మాయ్, గుప్పెడు బియ్యం. ముందు పాలియ్యి. పొద్దుట్నించీ నా కొంగు నమిలేస్తోంది నీ కూతురు, బర్రెదూడలాగా.”

పద్మశ్రీకి నవ్వు రాలేదు. పొద్దున తాను పెట్టిన దిష్టిచుక్క బిడ్డ బుగ్గ మీద లేదు. అదే చెరిగిందా, ఈమె తుడిచిందా?

పాలిచ్చి, నేరుగా సెంటర్ చూసుకునే సుబ్బలక్ష్మి దగ్గరికి పోయింది. ఆవిడ తార్నాక నుంచి వస్తుంది. ఆవిడదీ కోస్తా ఊరే గానీ రాహేలుతో ఎప్పుడూ ఊరి మాటలు కలపదు.

“మేడం, ఆయమ్మ పిల్లల బియ్యం తీస్తున్నది. మీద ఏమో చదువుతున్నది.”

“నాకెప్పట్నించో అనుమానమేనమ్మా.”

ఇద్దరి అనుమానాలు కలిసేసరికి అదే సాక్ష్యమైపోయింది. రాహేలుని పిలిచారు.

“నా వాటాలోదేనండీ. మధ్యాహ్నం నా అన్నం అంత తగ్గించుకుంటాను. ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడికి గుప్పెడు తియ్యమని మా అమ్మ నేర్పింది. ఆదివారం చర్చిలో ఇచ్చేస్తాం.”

“ఆ తీసేదేదో మీ ఇంట్లో తీసుకోవచ్చుగా?” అంది సుబ్బలక్ష్మి.

“ఇంట్లో వండితే కదండీ. నేను ఎసరు పెట్టేది ఇక్కడొక్కచోటే.”

“మరి నా బిడ్డ పేరెందుకు చదివినవ్?” అంది పద్మశ్రీ.

“గుప్పెడు తీసి ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పుకుంటామమ్మా. నాకెవరున్నారు?”

“రేపట్నించి రావద్దులే,” అంది సుబ్బలక్ష్మి. గొంతు పెంచలేదు.

రాహేలు అన్నం వార్చింది. పిల్లలందరికీ తినిపించింది. గిన్నెలు కడిగి బోర్లించింది. పిన్నీసులు రెండూ విప్పి గూట్లో పెట్టింది. “సహస్రకి బాగా మెదిపి పెట్టండి. ముద్ద గట్టిగా ఉంటే ఉమ్మేస్తది,” అని గోడకు చెప్పినట్టు చెప్పి, తన పళ్లెం ముట్టకుండానే కాలీడ్చుకుంటూ గేటు దాటింది.

రెండింటికి మాణికేశ్వర్ నగర్ అంగన్‌వాడీలో బిడ్డను తూకంలో కూర్చోబెట్టారు.

“నాలుగొందల గ్రాములు పెరిగింది. ఆకుపచ్చలకొచ్చింది, పద్మా! ఎవరు తినిపిస్తున్నరే, గింత మంచిగ?” అంది అంగన్‌వాడీ టీచర్.

“మిషన్ మంచిగున్నదా అక్కా? మళ్లొకసారి తూయి.”

మళ్లీ తూచారు. అంతే.

పద్మశ్రీ బిడ్డనెత్తుకుని సెంటర్‌కి ఉరికింది. గేటు దగ్గర ఎవరూ లేరు. సీతాఫల్‌మండిలో ఏ గల్లీయో కూడా తానెన్నడూ అడగలేదు.

“ఆ డబ్బాలో బియ్యం డ్రమ్ములో పోసెయ్యమ్మా,” లోపల్నించి సుబ్బలక్ష్మి కేకేసింది.

పద్మశ్రీ మూత తీసింది. సహస్ర చెయ్యి చాపితే అందకుండా డబ్బాను పక్కకు జరిపింది. సోమవారం నుంచి మూడు గుప్పెళ్లే, డబ్బా అడుగు నిండిందంతే. ఆ బియ్యం మీద నాలుగు వేళ్ల గుర్తులు ఇంకా అట్లాగే ఉన్నాయి.