రక్తపిశాచికి కుదిరిన వరస

కొరియా వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు, ఒక్క విషయంలో తప్ప. వాళ్ల సీరియళ్లలో అమ్మాయిలు మనసిచ్చిన మగవాణ్ణి ‘అన్నా’ అని పిలుస్తారు. అక్కడ అది ముద్దు మాట. మన దగ్గర ఆ పిలుపు వినపడిందంటే సగం మంది టీవీ కట్టేసి లేచిపోతారు. అందుకే రెండో ఎపిసోడ్‌లోనే దాన్ని ‘బావా’ అని మార్చేశాను.

నా పని అదే. తెనాలిలో మా ఇంట్లో కూర్చుని హైదరాబాదులోని ఒక డబ్బింగ్ కంపెనీకి తెలుగు మాటలు రాసి పంపిస్తాను. ఆరేళ్లు రాశాక, ఈ సీరియల్‌కి మొట్టమొదటిసారి టైటిల్స్‌లో ‘మాటలు: భవ్య’ అని వేస్తామన్నారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు, సంతోషంతోనే.

కథ రాజుల కాలం నాటిది. రాజుగారి వైద్యశాలలో మందులు నూరే పిల్ల, అక్కడే రెండు వందల ఏళ్లుగా పాతికేళ్ల ముఖంతో బతుకుతున్న వైద్యుడు. అతను రక్తపిశాచి. అయినా బుద్ధిమంతుడే, ఆరు ఎపిసోడ్ల దాకా ఎవర్నీ కొరకడు. బట్టలు ఎంత బాగుంటాయో చెప్పలేను. మందులు నూరుతున్నప్పుడు ఆ పిల్ల చేతులు చూస్తే, నిజంగా పుట్టినప్పటి నుంచీ అదే పని చేస్తోందనిపిస్తుంది. ఏడవకుండా ఏడిపించడం కూడా ఆ పిల్లకి బాగా తెలుసు. ఇక లోపాలంటారా, రాజమాత నవ్వడం మొదలుపెడితే నేను లేచి టీ పెట్టుకుని వచ్చేదాన్ని, అప్పటికీ నవ్వుతూనే ఉండేది. ఏడు నుంచి పన్నెండు దాకా కథ నీళ్ల మజ్జిగే. జరిగిపోయిందే మళ్లీ మళ్లీ చూపిస్తారు. ఆవిడ పన్నిన మహా కుట్ర చూస్తే కొండంత రాగం తీసి కూసంత పాట పాడినట్టుంది. అన్నీ తిట్టుకుంటూనే, ఆ ఇద్దరి కోసం చూస్తాం.

కంపెనీ వాళ్లు నాలుగేసి ఎపిసోడ్లు పంపేవాళ్లు. ముందేం జరుగుతుందో నాకూ తెలిసేది కాదు. పదిహేనో దాంట్లో ఆ పిల్ల తండ్రి చనిపోతాడు. గుండెల దాకా గడ్డం ఉన్న ముసలాయన. పోతూ పోతూ రక్తపిశాచి చెయ్యి పట్టుకుని, “ఇవాళ్టి నుంచి నువ్వూ నేనూ అన్నదమ్ములం. నా బిడ్డని చూసుకో” అంటాడు. నేను కళ్లు తుడుచుకుంటూ ఉన్నదున్నట్టు రాసి పంపేశాను. ఆ కన్నీళ్లలో బుర్ర పనిచెయ్యలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే రైలెక్కి రేపల్లెలో మా మేనత్త కనకదుర్గ ఇంటికి వెళ్లాను. కాళ్లు కడుక్కుని కూర్చున్నానో లేదో, రికార్డింగ్ చూసే సుధీర్ గారు ఫోన్ చేశారు. ఆయనది బాపట్ల.

“భవ్య గారూ, ఏంటండీ ఇది? ఆ ముసలాయనకి గొంతు చెప్పే పెద్దాయన మైకు ముందు నుంచి లేచొచ్చేశాడు. కూతురేమో బావా బావా అంటోంది, తండ్రేమో తమ్ముడా అంటున్నాడు, అంటే వాడు ఆ పిల్లకి బాబాయే కదా, ఇలాంటిది నేను చెప్పను అంటున్నాడండీ.”

“స్నేహితులం అని మారిస్తేనో?” అన్నాను.

“నాన్న స్నేహితుణ్ణి మనం ఏమని పిలుస్తామండీ? అదీ బాబాయే. రేపు పదింటికల్లా మాట మార్చి పంపండి. లేదంటే రెండు నుంచి పద్నాలుగు దాకా అన్ని ఎపిసోడ్లలోనూ బావ తీసేసి మళ్లీ చెప్పించాలి. అప్పుడు పైవాళ్లు మీ పేరు వెయ్యనివ్వరండి. నా చేతుల్లో ఉండదు.”

ఫోన్ పెట్టేసి ఏడ్చేశాను. అత్త గోరుచిక్కుడు కాయలకు ఈనెలు తీస్తోంది. ఒకప్పుడు రేపల్లె నుంచి పెనుమూడి దాకా ఏ సంబంధం వచ్చినా, ముందు అత్తని అడిగి వరస చూసుకునేవాళ్లు. ఎవరికి ఎవరు ఏమవుతారో నాలుగు తరాలు వెనక్కి వెళ్లి చెప్పేది. ఇప్పుడు ఫోన్లలోనే సంబంధాలు కుదిరిపోతున్నాయి, అత్తని అడిగేవాళ్లు లేరు. నేనూ “నీ వరసలు ఆపవే తల్లీ” అని ఎన్నిసార్లు ఆటపట్టించానో.

“ఎవరి తాలూకే వాళ్లు?” అంది.

“కొరియా వాళ్లు అత్తా.”

“ఎవరైతే ఏంటి, మనుషులేగా. చెప్పు.”

“ఒకడు మనిషి కాదులే” అని, ముక్కు తుడుచుకుని మొత్తం చెప్పాను. ఫోన్లో ఆ సీను కూడా చూపించాను. అత్త కళ్లద్దాలు సవరించుకుని ముసలాయన్నీ రక్తపిశాచినీ మార్చి మార్చి చూసింది.

“అరవై ఏళ్లాయనా పాతికేళ్ల కుర్రాడూ అన్నదమ్ములేంటే, అసహ్యంగా? ఆయనకి అప్పచెల్లెళ్లున్నారా?”

“ఏమో. చూపించలేదు.”

“చూపించలేదంటే లేరని కాదుగా!” అత్త గొంతులో పాత అధికారం వచ్చేసింది. “ఒక చెల్లెలుండేది, పిల్లలు లేకుండానే పోయింది అనుకో. ‘నా చెల్లెలి కడుపున పుట్టాల్సినవాడివి, ఇవాళ్టి నుంచి నువ్వు నా మేనల్లుడివి’ అని ఆయన చేత అనిపించు. నాన్నకి మేనల్లుడంటే పిల్లకి ఏమవుతాడు?”

“బావ!”

“మరింకేం. బిడ్డని చూసుకో అనడానికి అంతకన్నా దగ్గరవాడెవడే?”

మిగిలింది ఒక్క భయమే, పెదాల కదలికకి మాట అతకాలి. మళ్లీ చూశాను. ఆ గడ్డంలో పెదాలెక్కడున్నాయో దేవుడికే తెలియాలి. అక్కడే అరుగు మీద కూర్చుని రాసి పంపించాను. గంటలో సుధీర్ గారు ఫోన్ చేశారు.

“చెప్పేశాడండీ పెద్దాయన, ఒక్క టేకులో. కొరియా వాళ్లు రాసిందానికన్నా ఇదే బాగుందండి. ఎక్కణ్ణించి పట్టుకొచ్చారు?”

“మా అత్త” అన్నాను. ఆ పూట గోరుచిక్కుడు కూర రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

రెండు నెలలకి ఎపిసోడ్లన్నీ ఒకేసారి ఓటీటీలో వచ్చాయి. ముందు ఆ పదిహేనోదే అత్తతో కలిసి చూడాలని రేపల్లె వెళ్లాను. పక్కింటి హెలెన్ టీచర్ గారు కూడా వచ్చి కూర్చున్నారు. పాట అవుతుండగా తెర మీద నా పేరు పడింది. “అత్తా, అదిగో!” అని అరిచాను. ఆ సమయానికి అత్త, టీచర్ గారికి కుర్చీ ఫ్యాను కిందకి జరుపుతోంది. తలెత్తేసరికి పేరు వెళ్లిపోయింది. ఆరేళ్లు ఎదురుచూసిన పేరు. ఒక్క నిమిషం నిజంగానే ఉక్రోషం వచ్చింది.

చివర్లో ముసలాయన రక్తపిశాచి చెయ్యి పట్టుకుని, “నా చెల్లెలి కడుపున పుట్టాల్సినవాడివి” అన్నాడు. టీచర్ గారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. అత్త మాత్రం ఏడవలేదు. నిటారుగా కూర్చుంది.

“వెనక్కి తిప్పవే” అంది నాతో. తిప్పాను. ముసలాయన మళ్లీ అన్నాడు.

“ఆ మాట నాది, టీచరమ్మా” అంది అత్త. “నేను చెబితేనే పెట్టారు.”

అత్త ముఖం అంతలా వెలగడం నేను ఎన్నేళ్లుగానో చూడలేదు. నా ఉక్రోషం ఎటుపోయిందో పోయింది. అత్త అడగకముందే మూడోసారి వెనక్కి తిప్పాను.