జాకెట్టుకు కాలరెక్కడిది

వనపర్తి ఒకేషనల్ కాలేజీలో కుట్టుపని నేర్పే కుల్సుమ్‌బీని హైదరాబాదులోని ఒక చొక్కాల కంపెనీ వారం రోజుల శిక్షణకు పిలిచింది. అక్కడ ఒకరు చేతులు, ఒకరు జేబు, ఇంకొకరు కాలర్ కుడతారు.

"మీ పిల్లలకు కూడా ఇట్లనే నేర్పండి మేడం, నౌకరీలు మేమే ఇస్తం" అన్నారు కంపెనీవాళ్లు. ఆమె నమ్మింది. తిరిగొచ్చి, జాకెట్టు పాఠం పక్కనబెట్టి, పిల్లలకు తలా ఒక ముక్క పంచింది. ఆత్మకూరు సువర్ణ వంతుకు కాలర్ వచ్చింది.

సువర్ణ నౌకరీలో చేరిన రెండేళ్లకే కంపెనీ మూతపడింది. ఊరికొచ్చి సొంతంగా మిషను పెట్టుకుంది. ఒకనాడు కాలేజీకి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఏందే, చుట్టపుదాని లెక్క ఆడనే నిలబడ్డవ్? దుకాణం ఎట్ల నడుస్తుంది?" అంది కుల్సుమ్‌బీ.

"వచ్చినోళ్లంత జాకెట్టే కుట్టమన్నరు టీచర్. నాకొచ్చింది కాలర్. జాకెట్టుకు కాలరెక్కడుంటది?" సువర్ణ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

కుల్సుమ్‌బీ గబగబా కత్తెర అందుకుంది. "లోపలికి రా బిడ్డా. కత్తిరించుడు ఇప్పుడే నేర్పిస్త. గుడ్డ తెచ్చినవా?"

"గుడ్డలన్ని వాపస్ ఇచ్చిన టీచర్. మిషను గూడ అమ్మిన. రేపు బొంబాయికి కూలికి పోతున్నం. ఆ ముచ్చట చెప్పిపోదామనే వచ్చిన."