గోరి చేనిలో గూటాలు

"గూటాలు కొలత కోసమే. వాన పడకముందే పీకి పట్టుకపోతం. మీ చేను మీకే," అని సర్వే ఆఫీసరు ఎండాకాలంలో తండావాళ్లందరి ముందు అన్నాడు. వాన పడింది. బెరడు తీయని టేకు గూటాలు గోరి చేనిలో అట్లాగే ఉన్నాయి.

పొద్దున్నే పశువులను తోలి, ఇంత గటక తిని, గోరి, ఆమె మొగుడు దస్రు చేనికి వచ్చారు. జొన్న విత్తడం అయిపోయింది. ఇక మాట చెప్పాలి. పెనుబల్లిలోనో ముదిగొండలోనో మొలక కంటబడ్డాక "మొలిచింది" అంటారు. ఈ తండాలో ముందు అంటారు, అన్నాక మొలుస్తుంది. చేనుగల ఆడమనిషి గట్టు మీద నిలబడి కేకేస్తే గింజ వింటుంది. అనకపోతే మట్టిలోనే కుళ్లిపోతుంది.

మొన్న పక్క చేనిలో లచ్చిరాం భార్య కేకేస్తే గూటాలు కూడా విన్నాయి. సాయంత్రానికి మనిషెత్తు టేకు చెట్లయ్యాయి. ఆఫీసరు వచ్చి చూసి, "చెట్లున్నది అడవే. ఖాళీ చెయ్," అన్నాడు. దున్నేవాడిదే భూమి అని గోడగోడకూ రాసిన దేశంలో, లచ్చిరాం నిన్న బొగ్గు పనికి ఇల్లందు బస్సెక్కాడు.

"పీకేద్దామా?" అంది గోరి.

"పీకితే జైలంట. జర మెల్లగ చెప్పు. పెండ్లయిన కాడినుంచి నీ గొంతు భద్రాచలం దాకా ఇనబడ్తది."

"నవ్వియ్యకు. గూటాలు ఇంటయ్."

గోరి వంగి, నేలకు నోరానించి, చుట్టూ అరచేతులు అడ్డం పెట్టి, ఒక్కో గింజకు గుసగుసగా చెప్పింది. "మొలిచినవ్ తల్లీ, మొలిచినవ్." చేతుల కింద పచ్చటి మొన బయటికి వచ్చేది. సాలు వెంట సాలు పాకింది. గూటం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది. చివరి సాలులో గొంతు బొంగురుపోయి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. దగ్గుతో పాటే మాట గట్టిగా బయటికి వచ్చింది.

దస్రు ఆమె నోరు మూశాడు. ఇద్దరూ కదలకుండా చూశారు. మూల గూటం బెరడు చిట్లింది. మేకపిల్ల చెవులంత రెండు ఆకులు.

"తుంచెయ్," అంది గోరి అతని వేళ్ల సందు నుంచి.

"తుంచితే చెట్టు కొట్టినవంటరు."

"ఉంచితే?"



తండా తరఫున ఇది రాసేటప్పటికి చేను నిండా జొన్న లేచింది. మూలన ఆకులూ పెరుగుతున్నాయి. అయ్యా ఆఫీసరూ, అది నువ్వు పాతిన గూటమా, గోరి ముట్టకూడని చెట్టా? 1979 జులై 31 లోపు తండాకు వచ్చి, అందరి ముందు జవాబు చెప్పాలి.