ఈదులపాటివారి వై క్రోమోజోమ్

ఉప్మా చల్లారిపోతోంది. మా ఆయన మాత్రం నోరు తెరిచి, బుగ్గ లోపల దూదిపుల్లతో గోక్కుంటున్నారు. దానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదట. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే వై క్రోమోజోమ్‌ని అమెరికా ల్యాబులో చూసి, ఒకే ఇంటిపేరున్న మగవాళ్ళంతా ఒకే మూలపురుషుడి సంతానమో కాదో చెప్పేస్తారట. ఇదంతా నాకు విడమరిచి చెప్పారు. నాది బీఎస్సీ జువాలజీ అని గుర్తు చెయ్యలేదు. ఉప్మా మీద మూత పెట్టి, ఆ పుల్లని ప్యాక్ చేసి కొరియర్‌లో వేసొచ్చాను.

ఈదులపాటివారి వంశవృక్షం మా ఆయన మనోహర్ కల. కల ఆయనది, ఫోన్లు నావి. నోయిడా పక్కన ఇందిరాపురంలో మా ఫ్లాటు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ, మెడకీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, తెనాలి, బాపట్లల్లో ఉన్న పెద్దవాళ్ళ మోకాళ్ళ నొప్పులన్నీ విన్నాను. నొప్పులయ్యాక పూర్వీకులు వచ్చేవారు. తీరా చార్టు తయారైతే అన్నీ మగపేర్లే. ఎనిమిది చదువుతున్న మా కమల అంతా వెతికి, "మమ్మీ, ఇస్‌మే మై కహాఁ హూఁ?" అంది, ఇందులో నేనెక్కడున్నానని.

"రేపు వేరే ఇంటిపేరుకి పోయే పిల్లవి కదే" అన్నారు మా అత్తయ్యగారు.

"రిజల్ట్ రానీ, ఫైనల్ చార్టులో దాని పేరు వేద్దాం" అని ఆయన నాకు మాటిచ్చారు.

ఆ ఫోన్లలోనే ఆయన మేనత్త కాంతమ్మగారు ఒక సంగతి చెప్పారు. "మా తాత ఇల్లరికం వచ్చాడమ్మా. అసలు ఈదులపాటివారి బిడ్డ మా నాయనమ్మ అన్నపూర్ణేశ్వరి. మగబిడ్డల్లేని ఇల్లు. పొలంతోపాటు ఇంటిపేరూ ఆవిడదే నిలబెట్టారు. పరువు తక్కువని మావాళ్ళు కోడళ్ళక్కూడా చెప్పలేదు." నేను ఆయనకి చెప్పి, చిత్తు చార్టులో పైన ఆవిడ పేరు రాశాను. "ఇల్లరికం గొడవ ఎందుకిప్పుడు, నలుగురూ నవ్వుతారు" అని అన్నపూర్ణేశ్వరి పేరు తన చేత్తోనే కొట్టేశారు.

ఆదివారం పొద్దున్న నోయిడా నుంచి లక్ష్మీపతి ఫోను. ఇంటిపేరు గ్రూపుకి ఆయనే పెద్ద. మా ఆయన స్పీకర్ పెట్టారు.

"అందరివీ కలిశాయి మనోహర్. నీదొక్కటే కలవలా. ఏమనుకోకు, ఇలాంటివి ఇళ్ళల్లో జరుగుతూనే ఉంటాయి."

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అత్తయ్యగారి చెయ్యి ఆగిపోయింది. నేను ఆయన వంక చూశాను. "మా ముత్తాత ఇల్లరికం" అని ఆయన ఒక్క మాటంటే చాలు.

"మా ఆవిడ ప్యాక్ చేసింది లెండి. వంటింటి చేత్తో ఆ పుల్ల ముట్టుకునుంటుంది. పాత చార్టే ప్రింటుకిచ్చెయ్యండి, మా శాఖ నాతో ఆపెయ్యండి."

లక్ష్మీపతి నవ్వారు. ఈయన కూడా నవ్వారు. నా చెయ్యి తగిలితే అంటుకునేవి నా కణాలు, వాటిలో వై ఎక్కడిది? మూలపురుషుణ్ణి వెతుక్కునే ఇద్దరికీ ఆ ఆలోచన రాలేదు. కమల గుమ్మంలో నిలబడి అంతా విని, ఏమీ అడగకుండా లోపలికెళ్ళిపోయింది. అడిగి ఉంటే బావుండేది.

ఆయన సొసైటీ మీటింగుకి వెళ్ళాక అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చారు. "లక్ష్మీపతి అన్నది నా గురించే కదే ఇంద్రాణీ?"

అన్నపూర్ణేశ్వరి కథ చెప్పాను.

"ఈ సంగతి వాడికి తెలుసా?"

"తెలుసు అత్తయ్యా."

గ్రూపుకి ఆయన పేరు మీద మెయిళ్ళు కొట్టేది ఎప్పుడూ నేనే. ఆయనకి టైపింగ్ రాదు. ఈసారి నా పేరు మీదే మొదలుపెట్టాను. "ల్యాబు తప్పు లేదు. మా అత్తయ్యగారి తప్పు లేదు. నా చేతి తప్పూ లేదు. మావారి వై క్రోమోజోమ్ ఇల్లరికం వచ్చిన ముత్తాతగారిది, ఇంటిపేరు ముత్తవ్వగారిది." కింద కొత్త చార్టు. పైన అన్నపూర్ణేశ్వరి, చివర కమల.

అత్తయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి నా భుజం మీదుగా తొంగిచూశారు. "నేనెక్కడున్నానే?" అన్నారు, అచ్చం కమల అడిగినట్టే.

ఆవిడకి చోటు చేశాను. ఆ కింద నాకూ. మనోహర్ గారిని తీసెయ్యలేదు. మా మధ్యలో, కాస్త చిన్న అక్షరాల్లో ఉన్నారు.