ఆడని ఆఖరి రీలు

నేను ఒక సినిమాకి ఆఖరి రీలుని. మొగుడూ పెళ్లాల కథ, నడుమ ఊరి నోళ్లు. ముందున్న రీళ్లన్నీ కలిసి ఒక ఇల్లాలి మీద నిందలు వేసి, మొగుడి చేత గెంటించి చేతులు దులుపుకుంటే, నిజం తేల్చి ఆమెను ఇంటికి చేర్చే చాకిరీ అంతా నాదే. చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నా, నేను అయ్యేదాకా తల్లులు లేచేవారు కాదు తెలుసా!

పట్నం హాళ్లలో అరిగి అరిగి, చివరికి విజయనగరం వైపు ఊళ్లు తిరిగే ఒక డేరా హాలుకి చేరాను. అప్పటికి ఒళ్లంతా అతుకులే. ఆడించిన ప్రతిసారీ తెగేదాన్ని, జనం బెంచీలు విరగ్గొట్టేవారు. ఆపరేటరు ముత్యాలు విసిగిపోయి, నా చివరనున్న ‘శుభం’ ముక్క కత్తిరించి ముందు రీలుకి అతికించేశాడు. మొగుడు తలుపు మూస్తాడు, శుభం! ఒక్కరూ ఇదేమిటని అడగలేదు. ఆడదాన్ని గెంటేస్తే కథ అయిపోయినట్టేననుకున్నారు మహానుభావులు. నేను డబ్బాలో ఉండిపోయాను.

ఒక ఊళ్లో మొదటాటకు ముందు సన్యాసమ్మ అనే ఆమె ముత్యాలు బొమ్మ ఆడించే కేబిన్ దగ్గరికి వచ్చింది. సంతలో దర్జీతో నవ్వుతూ మాట్లాడిందని ఊరు కోడై కూసిందట. మొగుడు గవరయ్య పుట్టింటికి పొమ్మన్నాడట. ఆమె ఈ సినిమా ఇదివరకే పట్నంలో చూసింది.

“ఆకరుదాకా ఏస్తారు కదా బాబూ? మాయాయన్ని బతిమాలి తెచ్చినాను. ఆకరు సూత్తే ఆయన మనసు మారతాది.”

“ఏస్తామమ్మా” అన్నాడు ముత్యాలు, బీడీ వెలిగించుకుంటూ.

తెర మీద తలుపు మూసుకుంది. శుభం పడింది. దీపాలు వెలిగాయి.

“ఇంకా ఉన్నాది! ఎవులూ లెగకండి!” అని సన్యాసమ్మ అరిచింది. ఆడవాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. గవరయ్య నేరుగా కేబిన్‌కి వచ్చి, ఇంకా ఉందా అని అడిగాడు. పక్కనే డేరా యజమాని నిలబడి ఉన్నాడు. ముత్యాలు తల దించుకుని, “అయిపోనాది బాబూ” అన్నాడు.

“సినిమా కాడ కూడా అబద్దమేనేటే?” అన్నాడు గవరయ్య, వెనకే వచ్చిన పెళ్లాంతో. ఆ మాట అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

నేను అక్కడే, బల్ల కిందే ఉన్నాను. నోరుంటే ఊరంతా వినేలా అరిచేదాన్ని. ఛీ, ఏం బతుకు నాది!

మర్నాడు పొద్దున్న సన్యాసమ్మ బట్టల మూటతో వచ్చింది. ఆఖరి రీలంటూ ఉంటే ఒకసారి చూపించమంది. ముత్యాలు నా డబ్బా మూత తీశాడు. ఆమె నన్ను బారెడు లాగి ఎండకెత్తి చూసింది. గోరంత బొమ్మలో మొగుడు పెళ్లానికి తలుపు తీస్తున్నాడు.

“ఉన్నాది బాబూ. నానబద్దమాడ్నేదు.”

ముత్యాలు కళ్లు తుడుచుకుని కత్తెర తీశాడు. “ఈ ముక్క కోసిత్తానమ్మా. అట్టుకెల్లి సూపించు.”

ఆమె నన్ను జాగ్రత్తగా చుట్టి డబ్బాలో పెట్టింది.

“ఎవులికి?” అంది. మూట చంకన పెట్టుకుని బస్సెక్కింది.