సువర్ణక్క చూడని ఆట

మా గురుకులం కబడ్డీ పిల్లలకు నా మీద ఒక ఫిర్యాదు ఉంది. గెలుపో ఓటమో తేలే ఆఖరి కూతకు తమ పిల్ల బయల్దేరగానే మేడం కోర్టుకు వీపు తిప్పి నిలబడుతుందట. మేడంకు భయమని కొందరంటారు, పొగరని కొందరంటారు. నాలో ఆ రెండూ ఉన్నాయి, కాదనను. కానీ వీపు తిప్పడం మాత్రం నా సొంతం కాదు. అది సువర్ణక్క దగ్గర నేర్చుకున్నది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే 2007 శ్రావణ మాసానికి వెళ్లాలి, నేను ఓడిపోయిన ఆట దగ్గరికి వెళ్లాలి. ఓడిన ఆట గురించి చెప్పడమంటే నాకు ఒళ్లుమంట.

మాది గుట్టకింది తండా. చండ్రుగొండ నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి వస్తే జామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట నలభై ఇళ్లు. ఇళ్లలో మాట్లాడుకునేది మా లంబాడీ మాటే. మీకు చెప్పేటప్పుడు తెలుగులోకి వస్తాను.

సువర్ణక్క వరంగల్ హాస్టల్లో చదువుకుంటూ కబడ్డీలో రాష్ట్రం దాకా ఆడింది. మోకాలు చెడి తండాకు తిరిగొచ్చింది. చండ్రుగొండలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేసేది. ముప్పై నాలుగేళ్లు వచ్చినా పెళ్లి కాలేదు. మా తండాలో అది మామూలు సంగతి కాదు. ఎదురుగా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు గానీ, ఆమె బావి దగ్గరికి వస్తే ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి. ఆమె బిందె ముంచుకుని వెళ్లిపోయాక మళ్లీ మొదలయ్యేవి.

2004లో ఆమె మాకు క్లబ్బు పెట్టింది. క్లబ్బంటే ఏదో భవనం అనుకునేరు. జామాయిల్ తోట వెనక చదును చేసిన నేల, వాగు నుంచి మేమే మోసుకొచ్చి పోసిన ఇసుక, ముగ్గుతో గీసిన గీతలు, ఒక ఈల. అంతే. బడికి వెళ్లే పిల్లకే గీత లోపల చోటు అన్నది ఆమె మొదటి షరతు. ఆరులో బడి మానేసి మిరప చేలకు కూలికి వెళ్తున్న జాంకి, కబడ్డీ కోసమే మళ్లీ పలక, పుస్తకం పట్టింది. చదువు మీద దానికి ప్రేమేమీ లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఇవాళ అది నర్సు.

ఈల ఊదే ముందు మమ్మల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి కింది రెప్ప లాగి చూసేది. నన్ను మొదటిసారి చూసినప్పుడు, "సున్నమేసిన గోడ లెక్క ఉన్నది. రక్తమే లేదు నీకు, యాడికెళ్లి వస్తది బలం?" అంది. దవాఖానాలో ఇచ్చిన ఎర్ర మాత్రలు తన ముందే మింగించేది. నేను నాలుక కింద దాచి జామాయిల్ ఆకుల్లో ఉమ్మేశాను. పట్టుకుంది. తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఆకుల్లో మాత్ర దొరికేదాకా నన్ను వెతికించి, దాన్ని నా చేతిలోనే పెట్టి, కొత్త మాత్ర మింగించింది. ఆ తర్వాత ఉడకబెట్టిన గుడ్డు, వేయించిన పల్లీలు, బెల్లం ముక్క. మొదటి నెల వాగు దాకా ఉరికి వస్తే వాంతయ్యేది. ఏడాది తిరిగేసరికి వాగు దాటి అవతలి చింతల దాకా పోయి, వస్తూ వస్తూ పాటలు పాడేవాళ్లం. ఏటా వానాకాలం జ్వరాలతో మంచాన పడే నేను ఆ ఏడు ఒక్కరోజు కూడా పడుకోలేదు. మా అమ్మ దిష్టి తీసింది.

ఆటలో మా అందరికీ ఒక అలవాటు ఉండేది. కూతకు వెళ్లినప్పుడు ఊపిరి ఎంత మిగిలిందో ఆడేవాళ్లకు సరిగా తెలియదు. అక్కకు తెలిసేది. గీత బయట నిలబడి సరైన క్షణాన చూపుడు వేలు ఎత్తేది. ఇక వచ్చెయ్ అని. మేము ఆ వేలు చూసి వెనక్కి దూకేవాళ్లం. నాకు కబడ్డీ బాగా వచ్చనుకునేదాన్ని. నిజానికి నాకు బాగా వచ్చింది ఆ వేలు చూడడమే.

ఇక తీజ్ సంగతి. శ్రావణంలో మా పెళ్లికాని ఆడపిల్లలు చిన్న చిన్న వెదురు బుట్టల్లో పుట్టమన్ను నింపి గోధుమలు చల్లుతారు. బుట్టలన్నీ నాయక్ ఇంటి ముందు మంచె మీద పెడతారు. తొమ్మిది రోజులు, మూడు పూటలా, బావి నుంచి నీళ్లు తెచ్చి పాటలు పాడుతూ పోయాలి. ఆ తొమ్మిది రోజులూ ఉప్పు, కారం, మాంసం ముట్టకూడదు. మొలకలు ఎంత పచ్చగా, ఎంత ఎత్తుగా లేస్తే తండాకు అంత మంచిది. ఆ ఏడు పది మందిమి బుట్టలు పట్టాం. పది మందిమీ క్లబ్బు పిల్లలమే.

నాలుగో రోజున కొత్తగూడెం నుంచి కాగితం వచ్చింది. క్లబ్బుల పోటీలు, ఆదివారం. లెక్కపెట్టి చూస్తే ఆదివారం తీజ్ ఏడో రోజు.

ఆ సాయంత్రం మంచె ముందు అందరూ కూర్చున్నారు. మా నాయక్ హాతీరాం చెడ్డవాడు కాదు, మా ఆటకు అడ్డం చెప్పినవాడూ కాదు. "పొద్దున పోసి పోతరు, పొద్దూకంగ వచ్చి పోస్తరు, మంచిగనే ఉన్నది. నడిమి పూట ఎవరు పోస్తరు?" అన్నాడు.

ఆయన తల్లి కమ్లి దాదీ భుజాల దాకా ఉన్న గాజులు సర్దుకుని, "పెండ్లిగాని పిల్ల చెయ్యి పడాలె. ఉప్పు ముట్టని చెయ్యి పడాలె. ఒక్క పూట ఎండినా తండాకు మంచిది గాదు" అంది.

"ఒక్క పూటకు ఏమైతది దాదీ? ఎవరన్న పోయొచ్చు గదా" అన్నాను నేను.

"నీకు నోరు బాగ లేస్తంది పోరీ" అంది దాదీ. మా అమ్మ వెనక నుంచి నా జడ లాగింది.

హాతీరాం నిట్టూర్చాడు. "ఆట యాడికీ పోదు. వచ్చే ఏడు పోదురు."

వచ్చే ఏడు. వచ్చే ఏటికి మాలో ఎంతమందికి పెళ్లిళ్లయిపోతాయో, ఎవరు బడిలో ఉంటారో ఎవరికి తెలుసు? జాంకి అప్పుడే ముక్కు చీదడం మొదలుపెట్టింది. నాకు కోపంతో చెవులు వేడెక్కాయి.

అప్పుడు వెనక నుంచి సువర్ణక్క, "నేను పోస్త" అంది.

కమ్లి దాదీకి అర్థం కాలేదు. "నువ్వెట్ల పోస్తవే?"

"నేను పెండ్లిగానిదాన్నే గదా దాదీ."

ఎవరూ ఆమె ముఖం చూడలేదు. ఇన్నేళ్లుగా తండా మొత్తం ఆమె వెనక గుసగుసలాడిన మాటను ఆమే తెచ్చి అందరి మధ్యా పెట్టింది. మా నాయక్ కాలి బొటనవేలితో మట్టి గీకుతున్నాడు. నాకు మాత్రం ఆ క్షణంలో ఆమెను చూసి సిగ్గు కలగలేదు, మా వాళ్లను చూసి కలిగింది.

దాదీ గొంతు తగ్గించి, "మరి ఉప్పు?" అంది.

"నాలుగు దినాలాయె తినక. పిల్లలు చప్పిడి మెతుకులు తిని ఉరుకుతుంటె, నేను ఉప్పుకారం తినొచ్చి ఈల ఊదాల్నా?"

ఆ సంగతి మాకెవరికీ తెలియదు. దాదీ ఆమెను కాసేపు చూసి, "అయితే నువ్వే పొయ్యి" అంది.

మేము గెంతులేశాం. ఇంటికి వెళ్లే దారిలో నాకు తట్టింది. "అక్కా, మరి నువ్వు రావా?"

"ఆడేది మీరా, నేనా?" అంది.

మూడేళ్లుగా ఆమె చెప్పేది ఆ మైదానం గురించే. అక్కడ సున్నం గీతలు తాడు పట్టి గీసినంత తిన్నగా ఉంటాయని, పాయింట్లు పెద్ద బోర్డు మీద రాస్తారని, మమ్మల్ని అక్కడ ఒక్కసారి చూస్తే చాలని. హాస్టల్ నాటి నీలం ట్రాక్‌సూట్ ఆ రోజు కోసమే దాచుకుంది. కాగితం వచ్చిన మధ్యాహ్నమే ఉతికి కంచె మీద ఆరేసింది.

ఆదివారం పొద్దున అదే ట్రాక్‌సూట్ మడతపెట్టి తమ్ముడు భాస్కర్ చేతికిచ్చి, "నువ్వేసుకో. కోచ్ లెక్క కనబడాలె" అంది. భాస్కర్ సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీ మీద క్లీనరు. అతనికి కబడ్డీ గురించి తెలిసింది సున్నా. ట్రాలీ ఆటో అడిగి తెచ్చాడు. అక్క ప్యాంటు అతని పిక్కల దగ్గరే ఆగిపోయింది. మేము కొత్తగూడెం దాకా నవ్వుతూనే ఉన్నాం. సువర్ణక్క పాత చీర కొంగు నడుముకు చుట్టుకుని, బిందె పట్టుకుని, మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

మైదానం ఆమె చెప్పినట్టే ఉంది. మొదటి రెండు ఆటలూ గెలిచాం. భాస్కర్ గీత బయట నిలబడి, మా పిల్ల కూతకు వెళ్లినా వాళ్ల పిల్ల కూతకు వచ్చినా ఒకటే అరుపు, "పట్టు, పట్టు" అని. ఫైనల్ టౌను క్లబ్బుతో. అప్పటికి ఏడు రోజుల చప్పిడి తిండి, చెమట కలిసి మా పని పట్టాయి. జాంకి పిక్క పట్టేసి బయట కూర్చుంది. నా కాళ్లూ కొయ్యబారుతున్నాయి. చక్కెర నిమ్మనీళ్లు తాగి ఆడాం.

ఒక్క పాయింటు వెనకబడి ఉండగా ఆఖరి కూత నాకొచ్చింది.

వెళ్లాను. ఎడమ మూలనున్న పిల్ల మోకాలిని కాలి వేలితో తాకాను. తాకానని నాకూ తెలుసు, దానికీ తెలుసు. అప్పుడే వెనక్కి దూకి ఉంటే సమానం అయ్యేవాళ్లం. కానీ నా తల తనంతట తానే పక్కకు తిరిగింది. గీత బయట, అక్క ఎప్పుడూ నిలబడే చోటికి. అక్కడ నీలం ట్రాక్‌సూట్ ఉంది. వేలు లేదు. ఒక్క క్షణమే చూశాను. ఆ క్షణంలో నా చీలమండ వాళ్ల చేతిలో ఉంది.

ట్రాలీలో తిరిగి వస్తూ ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరినీ తిట్టాను. రిఫరీని తిట్టాను, ఎండను తిట్టాను, ఉప్పును తిట్టాను. చివరికి, "అక్క వస్తే గెలిచేటోళ్లం. బుట్టలు పట్టుకొని కూసున్నది" అన్నాను. భాస్కర్ బండి ఆపలేదు, వెనక్కి తిరగలేదు. "మీకోసమే గదా కూసున్నది" అన్నాడంతే. అక్కను ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు నా మీద కోపమే.

తండా చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. మంచె మీద పది బుట్టలూ నీళ్లోడుతున్నాయి. మొలకలు పొద్దున మేం చూసినదానికంటే పచ్చగా ఉన్నట్టు అనిపించింది. సువర్ణక్క మంచె కింద బురదలో కూర్చుని ఉంది. చెడ్డ మోకాలు వాచిపోయి ఉంది. దాదీ చెప్పింది, ఒక్క పూటకు పది బిందెలు, ఏ బుట్టకు ఆ బుట్టకు వేరుగా బావి నుంచి తెచ్చిందట, ఒక్కో బుట్టకు పాట కూడా పాడిందట.

గెలిచారా అని ఆమె అడగలేదు. "నీళ్లు తాగిన్రా?" అంది. మా ముఖాలు చూసి సంగతి గ్రహించింది. "ముందు సాయంత్రం పూట పోయుర్రి. తర్వాత చెప్పుర్రి."

పోశాక చెప్పబోయాం. పది మందిమీ ఒకేసారి మాట్లాడాం. ఆమె చెవులు మూసుకుని, "చెప్పుడు గాదు, చూపెట్టుర్రి" అంది.

నాయక్ ఇంటి ముందు కట్టెపుల్లతో కోర్టు గీశాం. టౌను క్లబ్బు కావాలి గదా, మా అమ్మలను నిలబెట్టాం. ఎడమ మూలకు కమ్లి దాదీ తనంతట తానే వచ్చి నిలబడింది. డెబ్బై ఏళ్ల మనిషి గాగ్రా ఎగదోపి తొడ కొట్టింది. తండా విరగబడి నవ్వింది. ఫైనల్‌లో ప్రతి కూతా, ప్రతి పట్టూ వరసగా ఆడి చూపించాం. సువర్ణక్క మంచె గుంజకు ఆనుకుని రెప్ప వేయకుండా చూసింది. ఆమె ముఖంలో ఆ వెలుగు చూసి, మేం ఓడిపోయామన్న సంగతే కాసేపు మరిచాను.

ఆఖరి కూత వచ్చింది. దాదీ మోకాలు తాకాను. ఆగాను. "ఈడ్నే దొరికిన" అన్నాను.

"తాకినంక ఎందుకు ఆగినవ్?" అంది అక్క.

అబద్ధం చెప్పొచ్చు. పిక్క పట్టేసిందనొచ్చు. "నీ వేలు కోసం చూసిన అక్కా."

ఆమె ముఖంలో వెలుగు పోయింది. నా తప్పు చెప్పినప్పుడు ఆమెకు తన తప్పు కనిపించిందని ఇప్పుడు అనుకుంటాను. "మళ్లీ పో" అని, గుంజ పట్టుకుని మెల్లగా అటు తిరిగింది. బుట్టల వైపు ముఖం, మాకు వీపు.

"అక్కా, చూడవా?"

"పో."

వెళ్లాను. కబడ్డీ కబడ్డీ అని నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చూడడానికి ఎవరి వేలూ లేదు. ఛాతీలో ఊపిరి ఎంత ఉందో, ఎప్పుడు అయిపోతుందో మొదటిసారి నాకే తెలిసింది. దాదీ మోకాలు తాకాను. ఆమె గాజులు గలగలమంటూ నా కాలి మీదికి వచ్చాయి. వేళ్లు చీలమండకు తగిలాయి. అప్పటికే దూకాను. గీత ఇవతల బురదలో బోర్లా పడ్డాను.

"వచ్చినవా?" అంది సువర్ణక్క, తిరగకుండానే.

"వచ్చిన."

ఆమె వెంటనే ఇటు తిరగలేదు. ఎందుకు తిరగలేదో పదిహేనేళ్ల పిల్లకు తెలియలేదు. నా జట్టులో పిల్ల ఒకతె ఆఖరి కూతకు బయల్దేరుతూ నా వైపు చూసిన రోజున, నేను వీపు తిప్పి కళ్లు తుడుచుకున్న రోజున తెలిసింది.

కమ్లి దాదీ చేతుల మట్టి దులుపుకుంటూ, "దొరకలేదే సువర్ణా, పోరి నా చేతుల్లకెళ్లి పోయింది. నువ్వు చూడకపోతివి" అంది.

"ఇన్న గదా దాదీ" అంది సువర్ణక్క, ఇంకా బుట్టల వైపే తిరిగి.